చెత్త ఎవరిది, చెయ్యి ఎవరిది?
ఇంటింటి చెత్త సేకరణ పద్ధతుల చరిత్ర మీద కొన్ని పరిశీలనలు

గేటు ముందు చెత్తబండి ఆగినప్పుడు జరిగే పని రెండు నిమిషాలది. లోపలి మనిషి బకెట్టో కవరో అందిస్తుంది, బయటి మనిషి అందుకుంటాడు. కొన్ని ఇళ్లల్లో ఆ అందించడం కూడా ఉండదు. గేటు బయట పెట్టేసి తలుపేసుకుంటారు. ఈ రెండు నిమిషాల పని మీద గత ముప్పై ఏళ్లల్లో మన దేశంలో కమిటీలు వేశారు, సుప్రీంకోర్టులో కేసులు నడిపారు, నిబంధనలు రాశారు, మళ్లీ తిరగరాశారు. వీధి కుండీ మంచిదా, ఇంటింటికీ బండి మంచిదా? రెండు బుట్టలు చాలా, మూడు కావాలా? మున్సిపాలిటీయే చేయాలా, కంపెనీకి ఇవ్వాలా? ఈ చర్చంతా ముందు ఆరోగ్యశాఖ భాషలో, తర్వాత ఇంజనీర్ల భాషలో, ఈ మధ్య పర్యావరణం భాషలో నడిచింది. టన్నుకి ఎంత ఖర్చయింది, ఎంత శాతం వేరుచేశారు, ఎంత డంపుకి పోయింది అని పట్టికలు గీశారు. ఆ పట్టికల్లో అందుకునే చెయ్యి ఏ కులానిదో రాసుకోవడానికి గడి లేదు.

మేము ఈ వ్యాసంలో అవే పద్ధతుల్ని మళ్లీ తీసుకుని, వాటి మంచి చెడ్డల్ని అందుకునే చేతివైపు నుంచి చూడదలుచుకున్నాం. ఇది మాకు కేవలం పరిశోధన విషయం కాదు. మాలో ఒకరి తల్లి ఒక మున్సిపాలిటీలో పాతికేళ్లకు పైగా రోడ్లూడ్చింది. ఆమె పనిలో చేరిన నాటికీ దిగిపోయిన నాటికీ మధ్య ఆ ఊళ్లో చెత్త తీసే పద్ధతి మూడు నాలుగు సార్లు మారింది. ఒక్కో మార్పు వచ్చినప్పుడు ఒక్కో ఆఫీసరు సన్మానం చేయించుకున్నాడు. ఆమె చేతిలోకి మాత్రం మళ్లీ అదే చీపురు వచ్చింది.

చరిత్రని పట్నం నుంచి కాకుండా పల్లె నుంచి మొదలుపెట్టాలి. పల్లెలో ఇంటి చెత్త పారేసే వస్తువు కాదు. పేడ, పొయ్యి బూడిద, ఊడ్చిన కసువు, గొడ్లు తినగా మిగిలిన మేత అన్నీ పెంటకుప్పలో పడేవి. ఏడాదికోసారి, తొలకరికి ముందు, బండ్లమీద పొలానికి తోలేవాళ్లు. కుప్ప ఎంత పెద్దదైతే ఆసామి అంత కలిగినవాడని లెక్క. ఆ కుప్పని తవ్వి, గంపలకెత్తి, బండికి పోసింది మాత్రం జీతగాళ్లు. వాళ్లల్లో ఎక్కువమంది మాల మాదిగలు, తక్కినవాళ్లు కింది బీసీ కులాలవాళ్లు. అదే ఊళ్లో పనికిరాకుండా పోయే సరుకు ఇంకొకటుంది, చచ్చిన గొడ్డు. దాన్ని ఈడ్చుకుపోవడం మాదిగల వెట్టి. తోలు ఒలిచి, లందలో నానేసి, తంగేడు చెక్కతో పదును పెట్టి, చెప్పులుగా, మోటబొక్కెనగా, డప్పుగా చేసి తిరిగి ఆ ఊరికే ఇచ్చారు. ఇవాళ యూనివర్సిటీల్లో రీసైక్లింగ్ అని పాఠం చెబుతున్నదానికి ఇంతకంటే పూర్తి ఉదాహరణ మాకు కనపడలేదు. సేకరించడం, వేరుచెయ్యడం, శుద్ధిచెయ్యడం, కొత్త వస్తువు చెయ్యడం, నాలుగూ ఒకే వాడలో జరిగాయి. దానికి ఊరిచ్చిన ప్రతిఫలం అంటరానితనం.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. మురికి ముట్టుకున్నందుకు అంటరానితనం వచ్చిందని మనకి బడిలోనే నూరిపోశారు. అదే నిజమైతే ఇంటి వెనకాల నిలువెత్తు పెంట పెట్టుకున్న ఆసామికి కూడా కొంచెం రావాలి గదా? రాలేదు. పెంట ఆయన పేరున ఉంది, దాన్ని ఎత్తే చెయ్యి ఇంకొకడిది. అంచేత మేము ఏ సేకరణ పద్ధతిని చూసినా రెండు ప్రశ్నలు వేస్తాం. సరుకు మీద హక్కు ఎవరిది? మురికిని మొదట తాకి వేరుచేసే చెయ్యి ఎవరిది?

పట్నంలో ఇంటికి పొలం లేదు. కాబట్టి ఇంటివాడికి పెంట పనికిరాని వస్తువైంది, వీధిలోకి వచ్చింది. బ్రిటిష్ వాళ్లు మున్సిపాలిటీలు పెట్టినప్పుడు బండ్లు, కుండీలు, ఇన్‌స్పెక్టర్లు కొత్తగా వచ్చారు గానీ, ఎత్తే మనుషుల్ని మాత్రం పల్లె లెక్క ప్రకారమే తెచ్చుకున్నారు. తెలుగు దళితులు వలసపోయిన తోవల్ని పట్టుకుని పోతే దక్షిణాదిలోనే కాదు, సముద్రం అవతల కూడా మున్సిపల్ చీపుర్ల చరిత్ర దొరుకుతుంది. మద్రాసులో తరాలుగా వీధులూడ్చిన వాళ్లల్లో ఆది ఆంధ్రులు చాలామంది. బెంగుళూరు పౌరకార్మికుల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న మాదిగ స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కోలారు బంగారు గనుల కాలనీల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబాల నుంచే సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ వచ్చారు. ఢాకాలో తరాలుగా అక్కడి వీధులు శుభ్రం చేస్తున్న తెలుగువాళ్ల కాలనీ ఒకటి ఉంది. 2023లో అక్కడి నగరపాలక సంస్థ ఆ కాలనీని ఖాళీ చేయించబోయినప్పుడు గానీ అలాంటి తెలుగువాళ్లు ఉన్నారని మన పత్రికలకు పట్టలేదు. ప్రపంచ తెలుగు మహాసభలకు వీళ్లని ఎవరూ పిలిచినట్టు లేదు.

చట్టం కూడా ఈ పనిని మామూలు కూలిపనిగా చూడలేదు. బొంబాయి వంటి నగరాల మున్సిపల్ చట్టాల్లో పారిశుద్ధ్య కార్మికుడు నోటీసివ్వకుండా పని మానేస్తే అది నేరం. వేరే ఏ కూలీ మానేసినా కూలి పోతుంది, ఇతనికి జైలు. అంబేద్కర్ దీన్ని ఎత్తిచూపారు. ఇంకోపక్క ఇంటివాడి దగ్గర డబ్బు వసూలుకి కూడా ఏర్పాటు ఉంది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టంలో ఇంటి పన్నులో నీటి పన్ను, దీపాల పన్నుతోపాటు పారిశుద్ధ్యం పన్ను కూడా ఒక భాగంగా కనబడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఇక పద్ధతుల్లోకి వద్దాం. అన్నిటికంటే పాతది వీధి కుండీ. సిమెంటు ఒర గానీ, ఇటుకలతో కట్టిన తొట్టి గానీ, తర్వాత లారీ ఎత్తుకుపోయే ఇనప డబ్బా గానీ. ఇంటివాళ్లకి ఇది సుఖం. ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరి మొహం చూడకుండా పారేయొచ్చు. సగం కుండీలో, సగం బయట. కుండీని ఎక్కడ పెడతారన్నది పెద్ద రాజకీయం. ‘మా ఇంటి ముందు వద్దు’ అనగలిగిన వాళ్లందరూ అన్నాక, అనలేనివాళ్ల బస్తీ మొదట్లో అది తేలేది. దాన్ని ఖాళీ చేసే మనిషికి పార, తట్ట, చేతులు. అందులో అన్నం, పేడ, గాజు పెంకులు, బ్లేళ్లు, నెత్తుటి గుడ్డలు, చచ్చిన ఎలుక అన్నీ కలిసే ఉంటాయి. కాబట్టి రెండో ప్రశ్నకి కుండీ ఇచ్చే జవాబు చాలా ఘోరం.

కానీ మొదటి ప్రశ్నకి కుండీ ఇచ్చే జవాబు వేరు. దీన్ని అధికారుల రిపోర్టులు పట్టించుకోవు. కుండీలో పడ్డ వస్తువు ఎవరిదీ కాదు, కాబట్టి ఏరుకున్నవాళ్లది. తెల్లవారుజామున గోతం భుజానేసుకుని చిత్తుకాగితాలు, అట్టలు, పాలకవర్లు, సీసాలు ఏరుకునే ఆడమనిషికి అది బీడులాంటిది. యజమాని లేడు, మస్టర్ లేదు, మేస్త్రీ లేడు. సాయంత్రానికి పాత సామాన్ల దుకాణంలో కాంటాకి పెడితే నాలుగు డబ్బులు. దుకాణందారు తూకంలో మోసం చేస్తాడు, ముందే అప్పిచ్చి కట్టేసుకుంటాడు, అదంతా నిజమే. కుక్కలు కరుస్తాయి, పోలీసులు దొంగతనం అంటగడతారు. అయినా కరువొచ్చి పల్లె నుంచి వచ్చేసిన కుటుంబానికి ఎవరి సిఫార్సూ లేకుండా మర్నాడే మొదలుపెట్టగలిగిన పని అదొక్కటే.

దీనికి పక్కనే ఇంకో పద్ధతి ఉంది, దాన్ని పద్ధతి అని ఎవరూ అనరు. ‘పాత పేపర్లు, ఖాళీ సీసాలు, ఇనప సామాన్లు కొంటాం’ అని కేకేసుకుంటూ బండిమీద వచ్చే కబాడీవాలా. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు. మన ఇళ్లల్లో మంచి సరుకు, అంటే పొడిగా, శుభ్రంగా, ధర పలికే సరుకు, కుండీదాకా పోకుండా వీళ్లకే పోతుంది. ఏ ప్రభుత్వ పథకమూ లేకుండా దేశమంతా నడుస్తున్న ఇంటింటి సేకరణ ఇది. ఇంటివాడే ముందుగా వేరుచేసి, కట్టగట్టి, దాచిపెడతాడు. ఎందుకంటే కిలోకి ఇంత అని తిరిగి వస్తుంది. డబ్బు వచ్చేచోట అగ్రకులపు చెయ్యి కూడా చెత్తని ముట్టుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. కబాడీవాలా వరండాదాకా వస్తాడు, తక్కెడ దించుతాడు, ఇల్లాలితో బేరమాడతాడు. చెత్త ఏరుకునే మనిషి గేటు అవతలే. ఊడ్చే మనిషి గేటు దగ్గరకొచ్చేది దసరా మామూలుకి. ముగ్గురూ ముట్టుకునేది అదే ఇంటి చెత్తని. చేతిలో పెట్టుబడి ఉన్నవాడు వ్యాపారి, లేనివాళ్లు అంటరానివాళ్లు. అయితే ఈ పద్ధతికి హద్దుంది. ధర పలకని దాన్ని కబాడీవాలా తాకడు. కూరగాయల తొక్కలు, చిప్స్ కవర్లు, పిల్లల డైపర్లు మళ్లీ మన చేతికే వస్తాయి.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షల మంది ఆ నగరం విడిచి పారిపోయారు, మధ్యతరగతికి చెత్త అంటే మొదటిసారి భయం పుట్టింది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం, కోర్టు వేసిన కమిటీ 1999లో ఇచ్చిన నివేదిక, ఆపైన 2000 సంవత్సరపు మున్సిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కుండీలు తీసేయాలి, ఇంటింటికీ పోయి తీసుకోవాలి, తడి పొడి వేరుచేయాలి అన్నది ఇక్కడినుంచి దేశం మొత్తానికి విధానమైంది. వద్దనడానికి ఏమీ లేదు. కుళ్లిన కుండీలో చేతులు పెట్టాల్సిన అవసరం పోవడం మనకీ కావల్సిందే. కానీ ఆ 2000 నిబంధనల్లో అప్పటిదాకా దేశపు పొడిచెత్తని ఏరి కాగితం మిల్లులకీ ప్లాస్టిక్ కార్ఖానాలకీ చేరవేసిన మనుషుల ఊసే లేదు. వాళ్ల పేరు నిబంధనల్లోకి రావడానికి 2016 దాకా పట్టింది.

ఇంటింటికీ పోవడం మనకి మొదట వచ్చింది మూడుచక్రాల రిక్షాతో. మద్రాసులో 1989లో మొదలైన ఎక్స్‌నోరా ఈ నమూనాకి పేరు తెచ్చింది. కాలనీవాళ్లు నెలకింత వేసుకుని ఒక మనిషిని పెట్టుకుంటారు, అతను గంట కొట్టుకుంటూ వస్తాడు. హైదరాబాదులో కూడా 1990లలో కాలనీ సంఘాలకి రిక్షాలిచ్చి, చెత్త ఏరుకునేవాళ్లనే పనిలో పెట్టించారు. ఈ పద్ధతిలో మంచి ఉంది. రిక్షా తోసే మనిషి పొడి సరుకుని తనే వేరుచేసుకుని అమ్ముకునేవాడు. వెంట భార్య ఉండేది, చాలాసార్లు పిల్లలు కూడా. ఇల్లిల్లూ తెలుసు, ముఖం ఎరుక. కానీ అతని యజమాని ఎవరు? మున్సిపాలిటీ కాదు, కాలనీ సంఘం. సంఘం అధ్యక్షుడంటే రిటైరైన ఆఫీసరు. పల్లెలో పెద్దాసామి కూర్చున్న అరుగుకీ సంఘం ఆఫీసు బల్లకీ మాకు పెద్ద తేడా కనపడలేదు. నెల డబ్బులు ఇంటింటికీ తిరిగి అడుక్కోవాలి. ‘ఈ నెల సరిగ్గా రాలేదు’ అని సగమిస్తారు. జ్వరమొచ్చి నాలుగు రోజులు మానేస్తే కొత్తవాడు వచ్చేస్తాడు. ప్రావిడెంట్ ఫండ్, సెలవు, ఈఎస్ఐ ఏదీ లేదు.

చిన్న ఊళ్లల్లో మాత్రం ఈ కథ కొంచెం భిన్నంగా నడిచింది. 2003 ప్రాంతంలో సూర్యాపేట మున్సిపాలిటీ, ఎస్.ఎ. ఖాదర్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, ఇంటింటికీ తడి పొడి బుట్టలిచ్చి, వీధి కుండీలన్నీ తీసేసి, తడిచెత్తతో వానపాముల ఎరువు చేయించి, పొడిచెత్త అమ్మి ఆదాయం చూపించింది. కుండీల్లేని పట్నమని దేశమంతా వచ్చి చూసిపోయారు. తర్వాత విజయనగరం జిల్లా బొబ్బిలికి అలాంటి పేరే వచ్చింది. 2012 అక్టోబరులో వరంగల్లులో వారం రోజులు పోటీ పెట్టి, రాష్ట్రంలోని వేరే ఊళ్ల మున్సిపల్ సిబ్బందిని రప్పించి, నగరమంతా ఇంటింటి సేకరణకి మార్చారు. వీటిని మేము తక్కువ చేయడంలేదు. ఇంటివాడి చేతే తడీ పొడీ వేరు చేయించడం చిన్న విషయం కాదు. మా లెక్కలో ఇన్ని పద్ధతుల్లో కులం మీద నేరుగా దెబ్బకొట్టగలిగింది ఈ ఒక్క అంశమే. నీ మురికిని నువ్వే మొదట ముట్టుకో, దాన్ని కలగాపులగం చేసి ఇంకొకడి చేతిలో పెట్టకు అనడం మను చెప్పినదానికి తలకిందుల మాట. కాకపోతే ఈ విజయాల కథల్లో బుట్టల సంఖ్య ఉంటుంది, ఎరువు టన్నులుంటాయి, కమిషనర్ ఫొటో ఉంటుంది. కుండీలు తీసేసిన మర్నాడు గోతం పట్టుకుని వచ్చిన ఆడమనిషి ఏం ఏరుకుందో ఉండదు. పొడిచెత్త అమ్మిన డబ్బు మున్సిపాలిటీ ఖాతాలో పడిందంటే, అంతకు ముందు అది ఎవరి కొంగులో ఉండేదో అడగాలి గదా.

పెద్ద నగరానికి వస్తే పని కంట్రాక్టర్ చేతిలోకి పోయింది. హైదరాబాదులో 1990ల నుంచి రోడ్లని యూనిట్లుగా కోసి, ఒక్కో యూనిట్‌కి ఇంతమంది ఆడవాళ్లు ఊడ్చేందుకు, ఇంతమంది మగవాళ్లు ఎత్తేందుకు అని కంట్రాక్టర్లకి ఇచ్చారు. ఖర్చు తగ్గిందని పాలనాశాస్త్రం వ్యాసాలు మెచ్చుకున్నాయి. తగ్గిన ఖర్చు ఎక్కడిదంటే పర్మినెంట్ కార్మికురాలి జీతానికీ కంట్రాక్టు కూలికీ మధ్యనున్న తేడా. ఇక్కడ ఒక చారిత్రక వ్యంగ్యం ఉంది. మున్సిపల్ పారిశుద్ధ్యంలో మనవాళ్లకి రిజర్వేషన్ అవసరం రాలేదు, పుట్టుకతోనే ఆ పని రిజర్వు. పోరాడి ఆ పనికి పర్మినెంటు, పింఛను, క్వార్టరు సంపాదించుకుని, పిల్లల్ని డిగ్రీదాకా చదివించుకునే దశకి వచ్చేసరికి పర్మినెంటు పోయింది. పని మాత్రం మనకే మిగిలింది.

2009లో హైదరాబాదు నగరపాలక సంస్థ మొత్తం చెత్త వ్యవహారాన్ని పాతికేళ్లకి ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఇలాంటి ఒప్పందాల్లో చెల్లింపు సాధారణంగా టన్నుకింత అని. టన్నుకింత అన్నప్పుడు ఎవరికి ఏది లాభమో ఆలోచించండి. తడిచెత్త ఇంటి దగ్గరే ఎరువైపోతే బరువు తగ్గుతుంది, పొడిచెత్త ఏరుకునేవాళ్లు తీసుకుపోతే ఇంకా తగ్గుతుంది. అంటే పర్యావరణానికి మేలు చేసే ప్రతి చెయ్యీ కంపెనీ బిల్లుకి నష్టం. నగరంలో తీసిన చెత్తంతా జవహర్‌నగర్‌లో గుట్టగా పేరుకుంది, ఆ చుట్టుపక్కల బస్తీలవాళ్లు ఏళ్ల తరబడి ఆ వాసననీ ఆ నీళ్లనీ భరించారు. 2020లో అక్కడే చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. కరెంటు కోసం కాల్చడానికి పనికొచ్చేవి ముఖ్యంగా కాగితం, అట్ట, ప్లాస్టిక్. ఏరుకునే మనిషికి కూడు పెట్టేవీ అవే.

2015 జూలైలో హైదరాబాదు పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. కంట్రాక్టు కార్మికుల జీతం 8,500 రూపాయల నుంచి 12,500కి పెరిగింది, దాంతోపాటు సమ్మెలో ఉన్నవాళ్లని వందల మందిని పనిలోంచి తీసేశారు. అదే ఏడాది నవంబరులో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. ఇంటికి రెండు చొప్పున పచ్చబుట్ట, నీలంబుట్ట కలిపి 44 లక్షల బుట్టలు పంచాలని తలపెట్టారు. ఆటోలు దాదాపు 2,000. డ్రైవరే ఓనరు. కొంత సొమ్ము నగరపాలక సంస్థ కట్టింది, మిగతాది బ్యాంకు అప్పు, డ్రైవరు నెలనెలా తీర్చాలి. అతనికి జీతం లేదు. ఇంటికి నెలకి 50 రూపాయలు వసూలు చేసుకోవాలి, పొడిచెత్త అమ్ముకోవాలి.

ఈ పద్ధతి మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే మా రెండు ప్రశ్నలకీ ఇది మిశ్రమమైన జవాబిస్తుంది. సరుకు డ్రైవరుది. అది మంచిదే. ఆటో అతని పేరున ఉంది, రిక్షా తొక్కి రొమ్ము పగలగొట్టుకునే పని తప్పింది, అదీ మంచిదే. కానీ ఓనరు అన్న పేరు కింద అతను కార్మికుడిగా మాయమైపోయాడు. ఆటో చెడిపోతే అతని ఖర్చు, డీజిల్ పెరిగితే అతని ఖర్చు, ఇంటివాళ్లు యాభై ఇవ్వకపోతే అతని కర్మ. సమ్మె చేద్దామంటే ఎవరి మీద? డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు కాగితాలు లేనివాళ్లు, అంటే అంతకుముందు రిక్షాల వెంట నడిచిన చాలామంది ఆడవాళ్లు, ఆటో వెనక తొట్టిలోకి ఎక్కారు. వాళ్లని హెల్పర్లంటారు. ఈసారి మీ గల్లీకి ఆటో వచ్చినప్పుడు చూడండి. ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకున్నది మగమనిషి. వెనకాల, చెత్తలో మోకాళ్లదాకా నిలబడి, తడిలోంచి పొడిని ఏరుతున్నది చాలాచోట్ల అతని భార్యో తల్లో. పచ్చబుట్ట నీలంబుట్ట అని రంగులు వచ్చాయి గానీ చాలా ఇళ్లల్లో నీలంబుట్టలో బియ్యం పోసుకున్నారు, పచ్చబుట్టలో అన్నీ కలిపి పోశారు. వేరుచేసే పని ఇంటిలోంచి ఆటో తొట్టిలోకి మారిందే తప్ప చెయ్యి మారలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ‘క్లీన్ ఆంధ్రప్రదేశ్’ పేరుతో వాహనాలు వచ్చాయి, ఇంటికి మూడు రంగుల బుట్టలు వచ్చాయి, వాటితోపాటు నెలనెలా చార్జీ వచ్చింది. జనం దానికి చెత్తపన్ను అని పేరుపెట్టి తిట్టారు. ఇంటిపన్నులో పారిశుద్ధ్యం భాగం ఎప్పట్నుంచో ఉండగా మళ్లీ ఇదేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ కోపాన్ని చార్జీ వేసినవాళ్లు భరించలేదు. వసూలుకి గుమ్మం ముందు నిలబడ్డ వార్డు సిబ్బంది, బండి మీద వచ్చిన కార్మికులు భరించారు. 2023 డిసెంబరు చివర్లో మొదలై 16 రోజులు సాగిన మున్సిపల్ కార్మికుల సమ్మెలో వీధుల్లో చెత్త పేరుకుపోయినప్పుడు మాత్రమే ఆ చేతుల విలువ పట్టణాలకి కనబడింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ పన్ను రద్దయింది, దానికి సంబరాలు జరిగాయి. కార్మికుల పర్మినెంటు డిమాండు మాత్రం అక్కడే ఉంది.

మరి సరుకు మీద హక్కు ఏరుకునేవాళ్లకే ఉండి, వాళ్లే సంఘంగా ఇంటింటికీ పోయే పద్ధతి ఎక్కడైనా ఉందా? మన రెండు రాష్ట్రాల్లో అంత పెద్ద ఎత్తున నిలిచింది మాకు కనబడలేదు. దానికోసం పుణె పోవాలి. అక్కడ చెత్త ఏరుకునే స్త్రీలల్లో ఎక్కువమంది దళితులు, అందులో మన మాదిగల్లాంటి మాతంగులు చాలామంది. 1972 కరువులో మరాఠ్వాడా వదిలి వచ్చిన కుటుంబాలు వాటిల్లో ఉన్నాయి. 1993లో వీళ్లు కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అని యూనియన్ పెట్టుకున్నారు. బాబా ఆఢావ్ వెనక నిలబడ్డారు. మొదటి డిమాండు కూలి పెంచమని కాదు, మేమూ కార్మికులమేనని ఒప్పుకోమని. 1990ల మధ్యలో నగరపాలక సంస్థ ముద్రతో గుర్తింపు కార్డులు తెచ్చుకున్నారు. కార్డుంటే పోలీసు గోతం విప్పించేముందు ఆలోచిస్తాడు. ఇంటింటి సేకరణ తప్పదని 2000 నిబంధనలు వచ్చాక, ఆ పని కంట్రాక్టర్‌కి పోకముందే తమకివ్వమని అడిగి, 2008లో ‘స్వచ్’ అనే సహకార సంఘంగా ఒప్పందం చేసుకున్నారు. సభ్యులు మూడువేలకు పైగా. ఇంటివాళ్లిచ్చే నెల రుసుము వాళ్లదే, పొడిచెత్త అమ్మిన డబ్బూ వాళ్లదే. శానిటరీ పాడ్లని కాగితంలో చుట్టి దానిమీద ఎర్రచుక్క పెట్టి విడిగా ఇవ్వాలని ఇంటివాళ్లని వీళ్లే అడిగారు. 2013లో వాడేసిన పాడ్లని మూటకట్టి వాటిని తయారుచేసే కంపెనీలకే పంపించారు.

ఇంత చెప్పాక దీని బలహీనత కూడా చెప్పాలి. వీళ్లకి నెలజీతం లేదు, పింఛను లేదు. నగరానికి బోలెడంత ఖర్చు మిగిల్చి, ఆ మిగులులో వాటా లేకుండా బతుకుతున్నారు. ఒప్పందం గడువు ముగిసిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తుంది. 2020 చివర్లో గడువు తీరినప్పుడు పొడిగింపుల మీద పొడిగింపులతో నెట్టారు, మధ్యలో కంట్రాక్టర్ల పేర్లు వినబడ్డాయి. బెంగుళూరులో కూడా 2011 నుంచి ఏరుకునేవాళ్లకి కార్డులిచ్చి, వార్డుల్లో పొడిచెత్త కేంద్రాలు పెట్టి, కొన్నిటిని వాళ్ల చేతికే ఇచ్చారు. అక్కడే వీధులూడ్చే పౌరకార్మికులు కంట్రాక్టు రద్దుకోసం ఏళ్లపాటు వేరేగా పోరాడారు. ఒకే వాడలో పక్కపక్క ఇళ్లల్లో ఉండే ఈ ఇద్దరి కోర్కెలూ ఒకే కాగితం మీదికి ఇంకా రాలేదు.

ఇక్కడ మాలోనే వాదన ఉంది, దాన్ని దాచడం ఇష్టంలేదు. చెత్త మీద హక్కు మాది అని అడగడమంటే మన మెడకి మనమే మళ్లీ తట్ట తగిలించుకోవడం కాదా అని మాలో కొందరంటారు. 1936లో ఒకవైపు అంబేద్కర్ ‘కులనిర్మూలన’ అచ్చువేసి, కులం పనుల్ని విభజించడంతో ఆగక పనిచేసేవాళ్లనే అంతస్తులుగా విభజిస్తుందని తేల్చారు. అదే ఏడాది గాంధీ తన పత్రికలో ఆదర్శ పాకీవాడు ఎలా ఉండాలో రాశారు. చెత్తపనికి గౌరవం అంటగట్టే ప్రతి మాటా చివరికి రెండోవైపుకే పోతుందని వీళ్ల భయం. 2014 అక్టోబరు 2న ఢిల్లీ వాల్మీకి బస్తీలో ప్రధాని చీపురు పట్టడం, 2019లో కుంభమేళాలో అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడగడం చూశాక ఆ భయం అర్థంలేనిదని అనలేం. కాళ్లు కడిగించుకున్నవాళ్ల చేతికి తర్వాత ఏం వచ్చింది?

ఇంకో వాదన ఏమంటే, వద్దనుకుని మనం పక్కకి తప్పుకున్నంత మాత్రాన ఆ చెత్తలోకి అగ్రకులాలు దిగవు. కంపెనీ దిగుతుంది, మళ్లీ మన పిల్లల్నే కూలికి పెట్టుకుంటుంది. సరుకు విలువ వాళ్లకి, మురికి మనకి. మేము ఈ రెండో వాదనవైపు మొగ్గుతున్నాం, కానీ షరతుతో. సరుకు మీద హక్కుతోపాటు జీతం నగరపాలక సంస్థే ఇవ్వాలి. యాభై రూపాయల కోసం గుమ్మాల ముందు నిలబడే పని ఉండకూడదు. వేరుచేయని చెత్తని తీసుకోను అని చెప్పే అధికారం కార్మికురాలికి ఉండాలి. 2016 నిబంధనలు వేరుచేసే బాధ్యతని ఇంటివాడి మీదే పెట్టాయి. కానీ కలిపి ఇచ్చిన కవరుని గేటు దగ్గర తిప్పి ఇచ్చేస్తే మర్నాడు ఫిర్యాదు ఎవరి మీద పోతుందో మనందరికీ తెలుసు.

మొదట్లో చెప్పిన తల్లి ఇప్పుడు కొడుకుతో ఒక కాలనీలో ఉంటోంది. పొద్దున్నే ఆటో హారన్ వినబడగానే రెండు బుట్టలూ తనే పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. వంటింట్లో గ్లాసు పగిలిన రోజున పెంకుల్ని పాత చీరపేగులో చుట్టి, పైన తాడు కట్టి, బుట్టలో వెయ్యకుండా చేతిలోనే ఉంచుకుంటుంది. ‘గాజు పెంకులున్నయ్ బిడ్డా, పైలం’ అని చెప్పి, హెల్పరు పిల్ల రెండు చేతులతో అందుకునేదాకా వదలదు.